పది చార్టులు, ముప్పై బొట్లు

మా కంపెనీ పేరు అగ్రపథం సొల్యూషన్స్. రెండువేల సంవత్సరం వచ్చేదాకా మా యజమాని హరికిషన్ మారేడ్‌పల్లిలో తేదీ మారగానే కంప్యూటర్లు ఆగిపోకుండా చూసే వై టూ కే కోర్సులు నడిపేవాడు. ఆ జనవరి ఒకటో తారీఖున ప్రపంచంలో ఏ కంప్యూటరూ ఆగకపోవడంతో ఆయన కోర్సులు ఆగిపోయాయి. ఇంకొకడైతే దిగాలుపడేవాడు. హరికిషన్ మూడు నెలల్లో బోర్డు మార్చేసి, ప్రభుత్వానికి విధానాలు తయారుచేసి ఇచ్చే వ్యాపారంలోకి దిగాడు. విధానం నిదానంగా కదిలే సరుకు. తొందరగా పాడవదు, ఎవరూ వారంటీ అడగరు.

నేను అక్కడ ఆఫీసు మేనేజర్ని. పేరు రాజబాబు. పేరులో రాజూ ఉన్నాడు, బాబూ ఉన్నాడు, జీతంలో ఇద్దరూ కనబడరు. విజయనగరం పక్కనుంచి వచ్చి ఇరవై రెండేళ్ళ కిందట సికింద్రాబాదులో రైలు దిగాను. మళ్ళీ ఎక్కాల్సినంత కారణం దొరక్క ఇక్కడే ఉండిపోయాను.

ఆ ఏడు వానలు వెనకబడుతున్న రోజుల్లో మాకు పెద్ద పని తగిలింది. కుటుంబ సేద్యాన్ని, అంటే ఇంటిల్లిపాదీ తమ కాస్త నేలనీ తామే సాగు చేసుకుని బతికే పద్ధతిని, ఆదుకోవడానికి ప్రభుత్వం ముందుగా ఏ మూడు పనులు చేయాలో తేల్చి చెప్పాలి. మూడే ఎందుకంటే, నాలుగోది కూడా రాస్తే తెర మీద అక్షరాలు చిన్నవైపోతాయని వ్యవసాయ శాఖవాళ్ళు ముందే షరతు పెట్టారు. దానికి 'ప్రాధాన్యాల నిర్ధారణ సదస్సు' అని పేరు. ప్రాధాన్యంలో ధాన్యం ఉంది కాబట్టి అది పుట్టుకతోనే వ్యవసాయ పదమని నేనంటే హరికిషన్ నవ్వలేదు. నా జోకులకు నవ్వరాదని మా ఆఫీసులో ఎవరో సర్క్యులర్ పంపి ఉంటారు.

సదస్సుకి అన్నీ సమకూరాయి. సైనిక్‌పురి దారిలో హాలు దొరికింది. పులావుకి చెప్పేశాం. శాఖ నుంచి నరసరాజు గారనే పెద్ద అధికారి వస్తానన్నారు. రైతులే తక్కువయ్యారు. పొద్దున లేస్తే సాఫ్ట్‌వేరు, హార్డ్‌వేరు అని కలవరించే మావాళ్ళలో మట్టిలో వేరు చూసినవాడు ఒక్కడూ లేడు.

"రాజబాబు గారూ, ఒక ఆరు ఫ్యామిలీస్‌ని అరేంజ్ చేయుండ్రి. అసలైన రైతులు గావాలె. జెర ఫొటోల సుత రైతుల్లెక్క కనపడాలె" అన్నాడు హరికిషన్.

నాకు వెంటనే శారదమ్మ గుర్తొచ్చింది.

శారదమ్మది అల్వాల్ దాటాక ఒక పల్లె. ఆమె, మొగుడు పర్వతాలు, పెళ్ళికెదిగిన కొడుకు, ముగ్గురూ కలిసి రెండెకరాల్లో ఆకుకూరలు పండిస్తారు. రోజూ పొద్దున ఏడింటికి ఆమె మా వీధిలోకి గంపతో వస్తుంది. ఆ మంగళవారం గంప సగమే నిండి ఉంది. మా ఆవిడ అప్పలలక్ష్మి ఒక పాలకూర కట్ట తీసి అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఏటమ్మా ఇది? కట్టకి జొరమొచ్చిందేటి, తల వేలాడేసింది?"

"నీళ్ళు లేవమ్మా. టాన్స్‌ఫారం కాలిపోయి ఐదు దినాలాయె. మోటరు తిరుగుతలేదు. బాయిల నీళ్ళున్నయ్, మడిల లేవు."

"కరెంటాఫీసుకెళ్ళి అడగలేదా మరి?"

"పోయినమమ్మా. మీ పేరు లిస్టుల ఉన్నదన్నరు. లిస్టేదంటే సారు దగ్గరున్నదన్నరు. సారేడంటే మీటింగుల ఉన్నడన్నరు." శారదమ్మ గంప దించి గట్టు మీద కూలబడింది. "మా ఆయన ఇసిగిపోయిండు. ప్లాట్లోళ్ళు రోజుకోపారి ఇంటికొచ్చి కూసుంటుండ్రు. ఈ నెలాఖరు దాంక సూస్త, మోటరు తిరగకుంటే సంతకం వెడ్త అంటుండు. భూమి వోతే నేను మీ ఇంటికి గంపల ఏం తేవాలె? హద్దురాళ్ళా?"

అప్పలలక్ష్మి నా వైపు చూసింది. ఆ చూపుకి అర్థం నాకు తెలుసు. నోరున్న మనిషివి, నోటితో ఎప్పుడైనా ఒక పనికొచ్చే పని చెయ్యి అని.

"శారదమ్మా," అన్నాను, "సారు మీటింగులో ఉన్నాడన్నారు కదా? అయితే మనం మీటింగుకే పోదాం."

సంగతి వివరంగా చెప్పాను. ఆరు కుటుంబాలు వస్తాయి. గోడ మీద పది సమస్యలు పది చార్టుల మీద రాసి ఉంటాయి. ఒక్కో కుటుంబానికి ఐదు చుక్కలిస్తారు. ఏది ముఖ్యమనుకుంటే దానిమీద అతికించాలి. ఎక్కువ చుక్కలు పడిన మూడూ ప్రభుత్వానికి వెళ్తాయి. కరెంటు చార్టు మీద నీ ఐదు చుక్కలూ పడి, నీతో వచ్చినవాళ్ళవి నాలుగైదు పడితే చాలు. టాన్స్‌ఫారం మొదటి పేజీ ఎక్కుతుంది. ఆ పేజీ పట్టుకుని నరసరాజు గారిచేత అక్కడికక్కడే కరెంటాఫీసుకి ఫోను చేయిస్తాను.

"ఐదూ ఒక్క దానికే పెట్టొచ్చా?" అంది శారదమ్మ.

"నిక్షేపంలా పెట్టొచ్చు."

"సరే సారూ" అంది. ఆ 'సరే'ని నేను రాతకోతలు అయిపోయినంత గట్టిగా నమ్మాను.

శుక్రవారం పొద్దున వ్యానులో ఆరు జంటలూ దిగాయి. పర్వతాలు పొడుగ్గా, ఎండిన చెరకుగడలా ఉంటాడు. దిగీ దిగగానే జేబులోంచి మడతలు పెట్టిన కాగితం తీశాడు.

"అర్జీ ఏడ ఇయ్యాలె సారూ?"

"ఇక్కడ అర్జీలుండవు పర్వతాలూ. ఓట్లుంటాయి."

"ఓట్లా? నిరుడేసినం గద. గప్పుడే అయిపోయినయా అవి?"

అంతలో కల్పలత మైకు అందుకుంది. కల్పలత మా కంపెనీలో సదస్సులు నడిపే అమ్మాయి. చురుకైంది, మంచిది. వరి చెట్టు ఎంత ఎత్తు పెరుగుతుందని మొన్ననే నన్ను రహస్యంగా అడిగింది. ఆ అమ్మాయి ఆడవాళ్ళను ముందు వరసలో కూర్చోబెట్టింది. మహిళా సాధికారత కింద చుక్కలు ఆడవాళ్ళకే ఇవ్వాలని మా ఒప్పందంలో ఉంది. మగవాళ్ళకు వెనక వరస, టీ, బిస్కెట్లు.

మొదట సమస్యలు రాయడం. నాలుగు చార్టులు హరికిషన్ ముందే రాయించి తెచ్చాడు. పల్లెపల్లెకూ కంప్యూటర్ కేంద్రం. రైతులకు వెబ్‌సైటు. రైతులకు ఈ-మెయిల్ శిక్షణ. ఎగుమతికి తగ్గ ప్యాకింగు. ఆ నాలుగూ వరసలో ముందు వేలాడాయి. తర్వాత ఆడవాళ్ళు ఒక్కొక్కరూ లేచి తమ తమ బాధ చెప్పారు. వంకాయలు పండించే రోసమ్మ, మొదటి బస్సులో గంప ఎక్కించుకోవడం లేదని చెప్పింది. ఇంకొకామె కొన్న విత్తనం మొలవలేదంది. శారదమ్మ టాన్స్‌ఫారం సంగతి చెప్పింది. పశువుల డాక్టరు రావడం లేదని ఒకామె, ప్లాట్లవాళ్ళు చెరువు కాలువ పూడ్చేశారని ఒకామె, మార్కెట్లో కూర్చునేందుకు జాగా లేదని ఒకామె. కల్పలత గుండ్రటి అక్షరాలతో రాస్తుంటే నేను గోడకి తగిలించాను. కరెంటు చార్టు ఏడోది. దాన్ని కావాలనే ఫ్యాను కింద, చెయ్యి చాపితే అందేలా వేలాడదీశాను. చేసిన సాయం ఎవరికీ కనబడకూడదు కదా.

అప్పుడు కల్పలత నా చెవిలో అడిగింది. "సర్, డాట్స్ ఎక్కడ?"

రంగు చుక్కల స్టిక్కర్ల డబ్బా మారేడ్‌పల్లిలో నా టేబుల్ మీదే ఉండిపోయింది. అక్కడికి వెళ్ళి రావాలంటే గంట. హాలు ఎదురుగా ఒక ఫ్యాన్సీ షాపుంది. రెండంగల్లో రోడ్డు దాటి, ఆడవాళ్ళు పెట్టుకునే బొట్టుబిళ్ళలు ఆరు అట్టలు కొన్నాను. ముదురు ఎరుపు రంగు, మెత్తటి మఖ్మల్, పావలా అంత సైజు, అట్టకి సరిగ్గా ఐదు. గుండ్రంగా ఉంటాయి, అతుక్కుంటాయి, దూరానికి కనబడతాయి. చుక్కకి ఇంతకన్నా ఏ చదువు కావాలి? నా సమయస్ఫూర్తికి హరికిషన్ భుజం తట్టాడు. ఆ కంపెనీలో నాకు దక్కిన ఇంక్రిమెంటు అదొక్కటే.

"ఒక్కో ఫ్యామిలీకి ఫైవ్ డాట్స్ అమ్మా," అంది కల్పలత. "మీకు ఏది మోస్ట్ ఇంపార్టెంటో దాని మీద పెట్టండి. ఐదూ ఒక్కదాని మీదే పెట్టినా ఓకే."

అందరిలో పెద్దదని శారదమ్మను ముందు లేపారు. ఆమె బొట్ల అట్ట తీసుకుని, కొంగు భుజం మీదికి సర్దుకుని, గోడ దగ్గరికి వెళ్ళింది. నేను హాలు చివర్నించి ఏడో చార్టు వైపు కళ్ళతో దారి చూపించాను.

ఆమె మొదటి చార్టు ముందు ఆగింది. ఒక బొట్టు తీసి, చార్టు పైభాగంలో నట్టనడుమ, నుదురుండే చోట, శ్రద్ధగా అద్దింది. పల్లెపల్లెకూ కంప్యూటర్ కేంద్రం. తర్వాత రెండోదానికి, తర్వాత మూడోదానికి. నా గుండె నెమ్మదించింది, ఇంకా రెండున్నాయి కదా అని. అవి నాలుగోదానికీ ఐదోదానికీ వెళ్ళిపోయాయి. ఆమె ఖాళీ అట్ట మడిచి వెనక్కి వచ్చింది.

రోసమ్మ లేచి, శారదమ్మ ఆపిన చోటి నుంచి మొదలుపెట్టింది. ఆరు, ఏడు, ఎనిమిది, తొమ్మిది, పది. మూడో ఆమె మళ్ళీ ఒకటి నుంచి. బంతిలో వడ్డన ఎలా సాగుతుందో అలా సాగింది. ఒకరు గరిటె దించిన చోట ఇంకొకరు అందుకోవడం, ఒక్క విస్తరి వదలకపోవడం. నేను వెనక నుంచి రెండు చేతులూ ఊపుతూ ఆపమని సైగ చేశాను. నాలుగో ఆమె నన్ను చూసి, తొందరపెడుతున్నాననుకుని ఇంకాస్త గబగబా పెట్టేసింది.

ఆరుగురు, ముప్పై బొట్లు, పది చార్టులు. ఒక్కో చార్టుకి కచ్చితంగా మూడేసి. గోడ నిండా ముత్తయిదువలు నిలబడి పండు తాంబూలం కోసం చూస్తున్నట్టుంది.

నేను పరిగెత్తినట్టే వెళ్ళాను. "శారదమ్మా! ఐదూ కరెంటుకే పెట్టమన్నానా లేదా?"

"అన్నరు సారూ."

"మరి?"

"బొట్టు వెట్టుకుంట పోతుంటే నడుమ ఒగరిని ఇడిసిపెడ్తరా సారూ? పేరంటానికొచ్చినోళ్ళల్ల ఒగరికి ఐదు బొట్లు వెట్టి, పక్కామెను ఉత్త నొసలుతోని పంపిస్తే, ఆమె మల్ల మన కడప తొక్కుతదా?"

"అవి మనుషులు కాదమ్మా, కాగితాలు!"

"కాగితాలే. గని రోసమ్మ బాధ రోసమ్మ కండ్ల ముంగటనే ఏలాడుతుంటే, దాన్ని దాటుకుంట వోయి నా దానికి ఐదు వెట్టుకుందునా? సిగ్గుగాదా?"

"సరే, రోసమ్మది వదిలేయ్. ఆ వెబ్‌సైటుకెందుకు పెట్టారు అందరూ కలిసి? అదేమిటో మీకు తెలుసా?"

"తెల్వది. గని ఆ బాబు ఎంత ఇష్టంగ రాసుకొచ్చిండు, సూసినవా?" అని హరికిషన్ వైపు చూపించింది. "దానికొక్కదానికి పెట్టకుంటే పిలగాడు చిన్నవోతడు."

హరికిషన్ తెర వైపు తిరిగి ల్యాప్‌టాప్ వైర్లు సర్దుకున్నాడు. అవి సర్దే ఉన్నాయి.

"నేను బొట్టు వెట్టుకోను సారూ, మేం చర్చికి పోతం," అంది రోసమ్మ. "గని పెట్టనీకేం? మా వాడకట్టుల పేరంటం ఉంటే పసుపు బొట్టు ఇచ్చుట్ల నేను సుత సాయం జేస్త. నా చేతుల మీద ఇంతవరకు ఎవ్వరు తప్పిపోలే."

నేను తెచ్చినవి ఏ కాగితపు స్టిక్కర్లో అయి ఉంటే అవి ఓట్లుగానే ఉండేవి. నేను బొట్లిచ్చాను. వాళ్ళు బొట్టు పెట్టారు. చిన్నప్పటి నుంచి మా అమ్మ వెనకాల కుంకుమభరిణె మోసుకుంటూ వీధి వీధి తిరిగినవాణ్ణి, ఈ సంగతి నాకు తట్టనే లేదు. సాయంత్రం అప్పలలక్ష్మికి ఎలా చెప్పాలా అన్న దిగులు అప్పుడే మొదలైంది.

కల్పలత పాపం దారి వెతికింది. "నో ప్రాబ్లమ్ సర్. ఫైనలైజ్ చేసేదాకా మూవ్ చేయొచ్చు. రూల్సులో ఉంది. శారదమ్మ గారూ, మీరు పెట్టిన డాట్స్ అక్కడ నుంచి తీసి కరెంటు మీద పెట్టుకోవచ్చు."

ఆరుగురు ఆడవాళ్ళూ కల్పలతని కొత్తగా చూశారు.

"పెట్టిన బొట్టు తీసుడా?" అంది శారదమ్మ మెల్లగా.

వెనక వరస నుంచి పర్వతాలు లేచాడు. "తియ్యే! ఏమైతది? గోడకున్న కాగితమది. ఆడ పాలకూర మాడిపోతున్నది, ఈడ నువ్వు మర్యాదలు వడుతున్నవ్. పది దినాలైతే నేను సంతకం వెట్టుడే!"

శారదమ్మ కదిలింది. మొదటి చార్టు దగ్గరికి వెళ్ళి చెయ్యెత్తింది. కంప్యూటర్ కేంద్రానికి ఆమె పెట్టిన బొట్టు అక్కడ ఎర్రగా మెరుస్తోంది. రెండెకరాలు, బావి, మోటరు, గంప, అన్నీ ఆ గోరుకి అంగుళం దూరంలో ఉన్నాయి. వేళ్ళు చార్టు దాకా వెళ్ళాయి. తాకలేదు.

"నాతోని గాదయ్యా" అని చెయ్యి దించేసింది. "ఇయ్యాల ఒక బొట్టు గుంజినంక రేపు నేనే మొఖంతోని ఎవరింటికి పోవాలె?"

"అయితే జరుగు. నేనే తీస్త" అని పర్వతాలు కుర్చీలు దాటుకుంటూ విసురుగా ముందుకొచ్చాడు. వచ్చి, చెయ్యి చాపి, సరిగ్గా ఆ క్షణంలో తనేం చేయబోతున్నాడో తనకే తట్టినట్టు ఆగిపోయాడు. భార్య పెట్టిన బొట్టు, భార్య ఎదురుగా, తన చేత్తో. చార్టు వైపు ఒకసారి, శారదమ్మ నుదుటి వైపు ఒకసారి చూశాడు. చాపిన చేతిని ఏం చేయాలో తెలియక పక్కనే ఉన్న టీ కప్పు అందుకున్నాడు. అది నాది.

నరసరాజు గారు అంతదాకా కుర్చీలో వెనక్కి వాలి ఉన్నారు. ఇప్పుడు లేచి మైకు తీసుకున్నారు. "నా ఇరవై ఎనిమిదేళ్ళ సర్వీసులో ఇంతటి ఏకాభిప్రాయం చూడలేదు. పది సమస్యలకూ సమాన ఆదరణ! ఇది చాలా ఉన్నతమైన విషయం." గడియారం చూసుకున్నారు. "అయితే నాకు మూడే కావాలి. ఐదింటికి పేపరు పైకి వెళ్ళాలి."

హరికిషన్ ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. ప్రాధాన్యాలు తేల్చడానికి ఆయన సొంతంగా తయారుచేయించిన సాఫ్ట్‌వేర్ పేరు 'వరుస'. అది ఎవరికీ ఏమీ వరసకాదు గానీ వరసలు కలుపుతుంది. మూడేసి మార్కులు పదిసార్లు కొట్టి మీట నొక్కాడు. తెర మీద పది నిలువుగీతలు ఒకే ఎత్తున, దడికి పాతిన కర్రల్లా లేచాయి. కాసేపు గిలగిలలాడి, 'వరుస' మూడు పేర్లు బయటపెట్టింది. మార్కులు సమానమైతే ముందు రాసినవాటినే ముందు లెక్కపెట్టమని దానికి నేర్పారట. కంప్యూటర్ కేంద్రం. వెబ్‌సైటు. ఈ-మెయిల్ శిక్షణ.

హరికిషన్ ముఖంలో సంతోషం బయటపడాలా వద్దా అన్నట్టు ఊగిసలాడింది. "రాజబాబు గారూ, నేను కావాలని చెయ్యలే" అన్నాడు మెల్లగా. ఆ మాట నేను నమ్మాను. కావాలని చేసేంత తెలివి ఆ సాఫ్ట్‌వేరుకి లేదు.

పులావు తిన్నారు. ఫొటోలు దిగారు. వ్యాను ఎక్కేటప్పుడు శారదమ్మ నాతో, "మీరేం మనసుల వెట్టుకోకుండ్రి సారూ, మంచిగ మర్యాద జేసిండ్రు" అంది. పర్వతాలు అర్జీ కాగితం మళ్ళీ మడతలు పెట్టి జేబులో దోపుకున్నాడు.

ఆ సాయంత్రం ఆఫీసులో నా టేబుల్ మీదికి ఒక ఫారం వచ్చింది. మొదటి ప్రాధాన్యం ఖరారైపోయింది కాబట్టి ప్రయోగాత్మకంగా ఒక కంప్యూటర్ కేంద్రం వెంటనే తెరవాలట. ఎక్కడ తెరవాలో రాసి పంపాలి. ఫారం నింపడం మేనేజరు పని. నేను అన్ని గళ్ళూ నింపి, కేంద్రం పెట్టే స్థలం అన్న గడి దగ్గర ఆగాను. వెనక పేజీలో షరతులున్నాయి. కేంద్రం రైతుకు అందుబాటులో ఉండాలి. నిరంతరాయంగా విద్యుత్తు ఉండాలి, లేనిచోట సంబంధిత కార్యాలయం వారం లోపల ఏర్పాటు చేయాలి. యంత్రం చుట్టూ చల్లని వాతావరణం ఉండాలి.

నేను వెనక పేజీ రెండుసార్లు చదివి, ముందు పేజీ తిప్పి, గడిలో రాశాను: పర్వతాలు గారి బావి దగ్గరి మోటరు షెడ్డు.

సంతకానికి తీసుకెళ్తే హరికిషన్ కనుబొమలెగరేశాడు. "మోటరు షెడ్డుల కంప్యూటరేంది?"

"రైతుకి అందుబాటులో ఉండాలని వాళ్ళే రాశారు సార్. రైతు ఇంట్లో దొరక్కపోవచ్చు, మోటరు షెడ్డులో దొరక్కపోడు."

ఆయన నన్ను కాసేపు చూశాడు. ఆ చూపులో బొట్టు పెట్టించుకున్న పిలగాడు ఎక్కడో మెదిలాడనుకుంటాను. సంతకం పెట్టేశాడు.

ఆ రోజుల్లో కంప్యూటరన్న మాట ఫైలు మీదుంటే ఫైలు నడవదు, ఎగురుతుంది. శారదమ్మ పేరున్న లిస్టు ఏ సారు దగ్గరుందో మాకు చివరిదాకా తెలియలేదు. కంప్యూటర్ల లిస్టు వేరేదట, అందులో ఒకే పేరుందట. ఆరో రోజు పొద్దున లారీలో కొత్త టాన్స్‌ఫారం వచ్చింది. లైన్‌మన్లు నలుగురు వచ్చారు. ఎవరూ ఎవరినీ ఏమీ అడగలేదు. మర్నాడు ఒక పెద్ద అట్టపెట్టె వచ్చింది. దాన్ని షెడ్డులో బల్ల మీద పెట్టి, తెరిచే మనిషిని శాఖ ఇంకా నియమించలేదు కాబట్టి ఎవరూ ముట్టుకోకూడదని చెప్పి వెళ్ళిపోయారు.

నిలబడి ఉన్న పాలకూర అప్పటికే మాడిపోయింది. కొత్తిమీర కూడా. పర్వతాలు మాడినదంతా దున్నేశాడు. మోటరు తీగ తెచ్చి కొత్త టాన్స్‌ఫారానికి కలుపుకున్నాడు, మళ్ళీ మడులు కట్టాడు, విత్తనం చల్లాడు. నెలాఖరున ప్లాట్లవాళ్ళు స్టాంపు కాగితాలతో వచ్చి గడప ముందు కూర్చున్నారట. శారదమ్మ వాళ్ళకి మంచినీళ్ళిచ్చి, "ఆయన నీళ్ళు గడుతుండు, పొద్దుమూకినంక వస్తడు" అందట. వాళ్ళు ఇంకో రెండు రోజులు వచ్చి, తర్వాత పక్క ఊరికి మళ్ళారు.

నెల దాటాక నరసరాజు గారు తనిఖీకి బయల్దేరారు. జీపులో నేను, హరికిషన్, కల్పలత. గట్టు మీద దిగేసరికి రెండెకరాలూ పచ్చటి దుప్పటి కప్పుకుని ఉన్నాయి. మోటరు మోగుతోంది. కాలువల్లో నీళ్ళు పారుతున్నాయి. షెడ్డులో అట్టపెట్టె మీద శుభ్రంగా ఉతికిన గుడ్డ కప్పి ఉంది.

నరసరాజు గారు మోటరు తీగ వెంట చూపు నడిపి, టాన్స్‌ఫారం దాకా వెళ్ళి, వెనక్కి వచ్చారు. ముఖం గంభీరమైంది.

"ఇది కంప్యూటర్‌కి ఇచ్చిన విద్యుత్తు. దీంతో మోటరు నడపమని ఎవరు చెప్పారు?"

హరికిషన్ బూట్లకంటిన బురద చూసుకుంటున్నాడు. శారదమ్మ మడిలో పాలకూర కోస్తున్నదల్లా కొడవలితో లేచి నిలబడిపోయింది. ఒక్క మాటతో ఆ తీగ తెగిపోతుందని అందరికీ తెలుసు.

పర్వతాలు మాత్రం తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ నిదానంగా వచ్చాడు.

"మీరే జెప్పిండ్రు సారూ. కంప్యూటరు పక్కపొంట సల్లగుండాల్నని మీ కాగితంల ఉన్నదంట గద. ఈ సారే సదివి చెప్పిండు." నన్ను చూపించాడు. "ఎండ సూస్తే గిట్లున్నది. గా మిషిను ఏడ పరేషాన్ అయితదో అని షెడ్డు సుట్టు పొద్దుమాపు నీళ్ళు వెడుతున్నం. రెండెకరాల దాంక సల్లగ వెట్టినం సారూ, తక్కువ చెయ్యలే."

"మరి ఈ పాలకూర?"

"నీళ్ళు వెట్టినంక ఉత్తగ ఉంటదా సారూ? అదే మొలిసింది. పీకేద్దమంటే మట్టి ఎండిపోతది, మల్ల వేడెక్కుతదని ఇడిసిపెట్టినం."

నరసరాజు గారు పాలకూరని చూశారు. షెడ్డులోకి వెళ్ళి గోడకి అరచెయ్యి ఆనించారు. నిజంగానే చల్లగా ఉంది. బయటికొచ్చి, తీగ వైపు ఇంకోసారి చూసి, చూపు తిప్పేసుకున్నారు.

"కల్పలత గారూ, రాసుకోండి. స్థానిక పద్ధతిలో చేసిన శీతలీకరణ ఏర్పాట్లు సంతృప్తికరం. కొనసాగించవచ్చు."

కల్పలత రాసుకుంది. పర్వతాలు మోటరు దగ్గరికి వెళ్ళిపోయాడు. శారదమ్మ మళ్ళీ మడిలోకి వంగింది. నరసరాజు గారు జీపు మెట్టు మీద ఒక కాలు పెట్టి, ఆగి, నా వైపు వంగి గొంతు తగ్గించారు.

"ఏమండీ రాజబాబు గారూ, ఆ శీతలీకరణలో కొత్తిమీర కూడా ఉందా?"